ఎవరి వంతెంత

ముందు పోయినవి రాసుకుందాం. మాటలు తర్వాత.

ఎం.ఏ. ఎకనామిక్స్ కోర్సు, ఒకటి. ఆ కోర్సు నడిచిన గదులు, రెండు. మొదటి గదిలో పాత జవాబు పత్రాలు పడేశారు. రెండో గదికి తాళం వేసి తాళంచెవి పోగొట్టారు. అందుకని తాళంచెవి కూడా, ఒకటి. బెంచీలు ఇరవై రెండు. నల్లబల్ల గోడకే ఉంది గానీ రాసే మనిషి లేడు కాబట్టి దాన్నీ పోయినవాటిలోనే వేశాను. చదువు మధ్యలో మానేసినవాళ్లు పద్నాలుగు మంది, అందులో ఆడపిల్లలు పదకొండు. ఉద్యమం ఒకటి, వయసు మూడేళ్లు. కరపత్రాలు ఆరు వేలు. వాటిలో రెండు వేల దాకా కోరుట్ల మిర్చి బండ్ల మీద బజ్జీలు చుట్టడానికి పనికొచ్చాయి. ప్రజలకు ఉపయోగపడినట్టే, వాటిని పూర్తి నష్టం కింద రాయలేను. చివరగా మనిషి, ఒకడు. వయసు యాభై నాలుగు.

ఆ మనిషి పేరు రాయను. రాస్తే ఆయన ఏ కాలేజీలో పాఠం చెప్పాడో తెలిసిపోతుంది, తెల్లారేసరికి అక్కడినుంచి ఖండన వస్తుంది. పార్ట్‌టైమ్ లెక్చరర్లకు ఇవ్వడానికి డబ్బులుండవు గానీ, ఖండనలకు కాగితం ఎప్పుడూ ఉంటుంది. మేమంతా సార్ అనేవాళ్లం. ఇక్కడా అదే చాలు.

సార్ పదిహేడేళ్లుగా పార్ట్‌టైమ్. పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఐదింటికి వచ్చే మనిషిని పార్ట్‌టైమ్ అని ఎందుకంటారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మనిషి పూర్తిగానే పని చేస్తాడు, జీతం మాత్రమే పార్టు. చెప్పిన పీరియడ్‌కు ఇంత అని ఇచ్చేవారు. సెలవుకు లేదు, పరీక్షల నెలకు లేదు, వేసవికి అసలే లేదు. దానివల్ల ఆయనకో అలవాటైంది. లోకంలో దేన్నైనా పీరియడ్లలో కొలిచేవాడు. కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో ఒక పీరియడ్. సిరిసిల్లకు రెండున్నర, వేములవాడలో బస్సు మారాల్సి వస్తే మూడు. చెప్పుల జత రెండు పీరియడ్లు. పళ్ల డాక్టర్ ఫీజు విన్నరోజు చెంప పట్టుకునే నవ్వాడు. "నలభై పీరియడ్లు, తమ్మీ! నేను గన్ని పీరియడ్లు నోరు తెరిస్తెనే గీ ఒక్క పన్నుకు సరిపోతది."

చొక్కా జేబులో కాగితంలో చుట్టిన సుద్దముక్కలుండేవి. కాలేజీలో సుద్ద అయిపోయి రెండేళ్లయిందని, సొంతంగా కొనేవాడు. ఆ జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది.

నా గురించి రెండు ముక్కలు, లెక్క అర్థం కావడానికి. కోరుట్లలో చిన్న దుకాణం అద్దెకు తీసుకుని వ్యాపారుల ఖాతాలు రాస్తాను. పదో తరగతితో బడి వదిలేసి, పసుపు దుకాణంలో ముసలి గుమాస్తా పక్కన కూర్చుని, ఆయన తిట్టగా తిట్టగా నేర్చుకున్నాను. వ్యాపారి లాభం పెళ్లి సంబంధాలవాళ్లకు పెద్దగానూ ప్రభుత్వానికి చిన్నగానూ కనబడాలి. అదే నా పనితనం. ఆ అలవాటు చేతి నుంచి నోటికి పాకింది. నా రాబడి ఎంతని ఎవరడిగినా "పద్దెనిమిది వేలు" అంటాను. వచ్చేది నలభై ఆరు.

బస్టాండ్ ఎదుట చాయ్ దుకాణంలో సార్ పరిచయమయ్యాడు. అధ్యాపకుల యూనియన్‌కు మా వైపు కార్యదర్శి ఆయనే. అధ్యక్షుడు ఒక సీనియర్ ప్రొఫెసర్, పర్మినెంట్ మనిషి. జీతం రెండు లక్షల చిల్లర. ఆ చిల్లర సార్ నెల జీతం కంటే ఎక్కువ. ముగ్గురం చాయ్ తాగితే ముప్పై రూపాయలు. సార్ గ్లాసు కింద పెట్టి, వేళ్లు ముడిచి లెక్కేసేవాడు.

"ఎవరి వంతెంత సూద్దాం. ప్రొఫెసర్ సారూ, మీది ఇరవై రెండు. తమ్మీ, నీ ఆమ్దాని ఎంత?"

"పద్దెనిమిది వేలు సార్."

"గట్లయితే నీది ఐదు. నాది మూడు."

ప్రొఫెసర్ గొప్పగా నవ్వేవాడు. "శభాష్! ఇదే మన డిమాండ్. ఎక్కువున్నోడు ఎక్కువ గట్టాలె!" అని సార్ భుజం తట్టి, పది రూపాయలు ఇచ్చి వెళ్లిపోయేవాడు. నేను ఐదు ఇచ్చేవాణ్ని. మిగిలిన పదిహేను సార్ ఇచ్చేవాడు. ఎన్ని వందల చాయ్‌లు తాగామో, అన్నిసార్లూ బీదవాడే ఎక్కువ కట్టాడు. ఆయన మాత్రం ప్రతిసారీ మొదట్నుంచి వంతులు వేసేవాడు, ఈసారైనా లెక్క కుదురుతుందేమో అన్నట్టు.

ఉద్యమం అంటే ఇదీ. సార్ కాలేజీని నడిపే యూనివర్సిటీకి డబ్బు లేదన్నారు. ఎం.ఏ. ఎకనామిక్స్‌ను సెల్ఫ్ ఫైనాన్స్ చేస్తామన్నారు, అంటే ఫీజు నాలుగింతలు. చేరేవాళ్లు లేకపోతే మూసేస్తారు. యూనియన్ ఒక తీర్మానం చేసింది. పెద్ద ఆస్తుల మీద, పెద్ద లాభాల మీద పన్ను పెంచండి, ఆ డబ్బు సర్కారు యూనివర్సిటీలకు ఇవ్వండి, పిల్లల ఫీజు మీద పడకండి అని. తీర్మానం చేసి అందరూ ఫొటో దిగారు. ఫొటో తర్వాత పని చేయడానికి సార్ ఒక్కడు మిగిలాడు.

జనానికి ఈ పన్నుల సంగతి ఎలా చెప్పాలన్నది ఆయనకు పెద్ద చిక్కు కాలేదు. ఆయనది చందుర్తి దగ్గర పల్లె. ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవాడు.

"మీ ఊర్లె పోచమ్మ బోనాలకు చందా ఎట్ల ఏస్తరు?"

భూమి లేనోళ్లు వంద, ఐదెకరాల లోపు మూడు వందలు, ఐదు దాటితే వెయ్యి, ఇంట్లో మనిషి దుబాయ్‌లో ఉంటే ఇంకో ఐదు వందలు అని చెప్పేవారు.

"అందరికి సమానంగ ఏస్తే?"

"గదెట్ల సార్? ఉన్నోడు, లేనోడు ఒక్కటేనా?"

"గంతే. పోచమ్మకు తెల్సిన ముచ్చట సర్కారుకు చెప్పుండ్రి అంటున్న. బీడీలు చుట్టే అమ్మ సబ్బు బిళ్ల మీద ఎంత పన్ను గడ్తదో, రైస్‌మిల్లు దొర గంతే గడ్తడు. పోచమ్మ గిట్ల చేస్తదా?"

జనం తలలూపేవారు. మెట్‌పల్లిలో ఒకాయన లేచి, "సార్, పోచమ్మను మంత్రిని చేద్దాం" అన్నాడు. ఆ సభలో వచ్చిన ఆచరణయోగ్యమైన సూచన అదొక్కటే.

కోరుట్లలో వ్యాపారులతో పెట్టే సమావేశానికి ఒక పట్టిక కావాలన్నాడు. ఎంత రాబడికి ఎంత వంతు అని. నేను వేసిచ్చాను. ఒక పూట కూర్చుని, గీతలు గీసి, ఎర్ర సిరాతో మొత్తాలు రాసి. ముప్పై వేలు దాటితే మొత్తం మీద రెండు శాతం, అరవై వేలు దాటితే మొత్తం మీద మూడు శాతం. ఆయన ఆ రోజు ఐదు పీరియడ్లు చెప్పి వచ్చాడు, చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు. "నువ్వేసినంక మల్ల సూసుడేంది?" అన్నాడు.

సమావేశంలో మొదటి వరుసలో రైస్‌మిల్లు యజమాని కూర్చున్నాడు. పాత దొరల ఇంటి మనిషి, నేను ఖాతాలు రాసే ఆసామి. సార్ గోడకు అంటించిన పట్టిక వైపు చాలాసేపు చూసి లేచాడు.

"పంతులూ, గీ లెక్కల అరవై వేలు అచ్చినోడు ఎంత గట్టాలె?"

సార్ ఆ వరుస మీద వేలు పెట్టి చదివాడు. "పన్నెండు వందలు దొరా."

"అరవై వేల ఒక్క రూపాయి అచ్చినోడు?"

సార్ పట్టిక చూశాడు. అప్పుడే, మొదటిసారి నిదానంగా చూశాడు. "పద్దెనిమిది వందలు."

"అంటే ఒక్క రూపాయి సంపాయించినందుకు ఆరు వందల జుర్మానా! గా రూపాయి నాకద్దు పంతులూ, నువ్వే ఉంచుకో. మీ పిల్లలకు గిట్లనే చెప్తున్నవా? గట్లయితే కోర్సు బందయితేనే మంచిది."

హాలు ఐదు నిమిషాలు నవ్వింది. ఫోన్లలో ఆ నవ్వు జగిత్యాల, సిరిసిల్ల దాకా పోయింది. ఉద్యమానికి దొరికిన ప్రచారమంతా అదే.

తప్పు నాది. ఆదాయపు పన్ను కాగితాలు కరీంనగర్‌లో సీఏ చూసుకుంటాడు, నేను మోసేవాణ్ని మాత్రమే. స్లాబు అంటే నాకు తెలిసింది మా ఊరి చందా. ఐదెకరాలు దాటితే వెయ్యి, అంతే. అందుకే మా ఊళ్లో ఎవర్నడిగినా నాలుగెకరాల ముప్పై తొమ్మిది గుంటలే ఉంటుంది. ఊరి భూమంతా కలిపితే సర్వే నంబర్లకు సగం కూడా రాదు.

నేను వెనక వరుసలో కూర్చుని ఉన్నాను. సార్ నా వైపు చూడలేదు. మైకు దగ్గరికి జరిగి, "తప్పు నాది. ఎకనామిక్స్ చెప్పేటోన్నే తప్పు చేసిన. వారంల సరిజేసి తెస్త" అన్నాడు. ఎవరు వేశారని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు ఖాతాలిచ్చే ఆసాములు ఆ హాలులో తొమ్మిది మంది ఉన్నారు. పేరు బయటపడి ఉంటే నా బతుకు ఆ సాయంత్రానికే మూతపడేది.

బయటికొచ్చాక తిడతాడనుకున్నాను. జేబులోంచి సుద్దముక్క తీసి, మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుని, బండ మీద మూడు గడులు గీశాడు.

"వరి మళ్లకు నీళ్లు పెట్టినవా తమ్మీ ఎప్పుడన్న?"

"పెట్టిన సార్."

"మీది మడి నిండినంక నీళ్లు కింది మడికి దుంకుతయి. దుంకినయి గదా అని మీది మళ్లె లోతు మారుతదా?"

"మారదు."

"గంతే. ముప్పై వేల దాక గా మడి లెక్క. మీద దుంకినయి మాత్రమే రెండో మడి లెక్క. అరవై వేల మీద ఒక్క రూపాయి ఎక్కువస్తే, గా ఒక్క రూపాయికే మూడు పైసలు. దొర అడిగింది మంచి ప్రశ్ననే. నా క్లాసుల గంత మంచి ప్రశ్న ఎవ్వలు అడగలె."

ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న నాకు, మూసిన దుకాణం మెట్టు మీద, ఒక సుద్దముక్క ఖర్చుతో అర్థమైంది. కొత్త పట్టిక అలా తయారైంది. పదిహేను వేల దాకా ఏమీ లేదు. అక్కడినుంచి ముప్పై దాకా, పైన దుంకిన దాని మీద ఒక శాతం. ముప్పై నుంచి అరవై దాకా రెండు. ఆపైన మూడు. కింద ఆయన ఒక వరుస చేర్చాడు. వంతు సున్నా వచ్చినవాళ్లు కూడా ఒక రూపాయి ఇవ్వాలి అని.

"ఎందుకు సార్?"

"సున్నా రాస్తే మనిషి లేనట్టే. ఒక రూపాయి ఉంటే లేసి నిలబడి మాట్లాడొచ్చు."

ఆ పట్టికను ఆయన సర్కారుకు పంపేముందు సొంత ఇంట్లో పెట్టి చూడాలనుకున్నాడు. అదీ ఆయన చేసిన పొరపాటు. యూనియన్ సర్వసభ్య సమావేశం సిరిసిల్లలో జరిగింది, సాంచల చప్పుడు కిటికీల్లోంచి వినబడే ఒక ఫంక్షన్ హాలులో. మర మగ్గాలను అక్కడ సాంచలంటారు. లెక్కలు చూసేవాడిగా నన్నూ పిలిచారు. పొద్దున్నంతా సంపన్నుల మీద పన్ను గురించి ఉపన్యాసాలు. అధ్యక్షుడు బల్ల గుద్ది, "ఉన్నోడు కట్టకపోతే ఎవడు కట్టాలె?" అన్నాడు. చప్పట్లు. భోజనంలో రెండు స్వీట్లు.

భోజనాల తర్వాత సార్ లేచాడు. ఉద్యమానికి, ఫీజు కట్టలేని పిల్లలకు ఒక నిధి పెడదాం, మన చందా మనం అడుగుతున్న పద్ధతిలోనే వేసుకుందాం అన్నాడు. పట్టిక చదివాడు.

అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు. "ఆగాగు. నాకెంత పడ్తది?"

నేను లేచి చెప్పాను. "నెలకు నాలుగు వేల తొమ్మిది వందల యాభై సార్. చిల్లర వదిలేసి."

అధ్యక్షుడు కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది యూనియన్‌ను చీల్చే పని," అన్నాడు. "ఇండ్ల పెద్దోడు చిన్నోడు అని ఉంటదా? మనం అందరం సమానం. సమానత్వం అంటే అందరికి ఒక్కటే చందా. ఏడాదికి ఐదు వందలు."

"పార్ట్‌టైమోళ్లకు గుడ ఐదు వందలేనా సారూ?" అన్నాడు సార్.

"వాళ్లను తక్కువ చేసి చూడుడు నాకు ఇష్టం లేదు."

తీర్మానం నెగ్గింది. ఉన్నవాళ్ల మీద ఎక్కువ పన్ను వేయాలని పొద్దున ఏకగ్రీవంగా, తమ మీద వేయకూడదని మధ్యాహ్నం ఏకగ్రీవంగా. సార్ కూడా చెయ్యెత్తాడు. ఎందుకని అడిగితే, "యూనియన్ గదా, చీల్చద్దు" అన్నాడు. ఐదు వందలు అక్కడే కట్టాడు. రెండున్నర పీరియడ్లు.

తర్వాత సొంతంగా రసీదు పుస్తకాలు అచ్చు వేయించి, ఇష్టమున్నవాళ్లతో స్లాబుల నిధి మొదలుపెట్టాడు. తొమ్మిది మంది చేరారు. ఆరుగురు పార్ట్‌టైమ్‌వాళ్లు, కాలేజీ వాచ్‌మన్, సిరిసిల్లలో సాంచలు నడిపే ఒక కార్మికుడు, నేను. ఆ కార్మికుడి కూతురు ఆ కోర్సులోనే చదువుతోంది.

"నాది ఒక రూపాయే అస్తుంది సారూ," అన్నాడాయన, "గని నా బిడ్డ ఫీజు నాలుగింతలైతే ఎన్ని సాంచలు నడిపినా నాతోని కాదు."

"నీ రూపాయి ముందుగాల రాస్త," అన్నాడు సార్. మొదటి రసీదు ఆయనదే.

నా వంతు వచ్చింది. "ఆమ్దాని, తమ్మీ?"

నోరు దానంతటదే తెరుచుకుంది. "పద్దెనిమిది వేలు సార్."

"మూడు వేల మీద ఒక శాతం. ముప్పై రూపాయలు." రాసిచ్చాడు. ఆ తర్వాత ఒకసారి జగిత్యాల బస్సులో, "బైపాస్ దిక్కు ప్లాటు తీస్కున్నవట గదా? మంచిగైంది" అన్నాడు. అంతే. పై నెల మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు, మళ్లీ ముప్పై.

వినతిపత్రం ఇచ్చారు. పరిశీలిస్తామన్నారు. పరిశీలన ఇప్పటికీ సాగుతోంది, అంత శ్రద్ధగా చూస్తున్నారు కాబట్టే ఆలస్యమవుతోందని నా నమ్మకం. ఈలోగా ఫీజు పెరిగింది, పద్నాలుగు మంది మానేశారు, చేరేవాళ్లు లేరని కోర్సు మూసేశారు. నిధిలో ఉన్నది ఇద్దరికి సగం ఫీజుకు కూడా రాలేదు. సాంచల కార్మికుడి కూతురు ఇప్పుడు జగిత్యాలలో ఒక బట్టల దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఎకనామిక్స్ ఒక ఏడాది చదివింది కదా, జీఎస్టీ పైసా తప్పకుండా వేస్తుంది.

సార్ వేసవి సెలవుల్లో పోయాడు. గుండె. సెలవుల్లో పీరియడ్లుండవు కాబట్టి యూనివర్సిటీకి నష్టమేమీ రాలేదు. సంతాప సభలో అధ్యక్షుడు ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. కుటుంబానికి సాయం కోసం అక్కడికక్కడే చందా వేశారు. అందరికీ ఒక్కటే, మనిషికి రెండు వందలు.

నెల తర్వాత ఆయన భార్య నా దుకాణానికి వచ్చింది. సంచిలోంచి నాలుగు రసీదు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది.

"లెక్క సరిగ్గున్నదా సూడు తమ్మీ. ఎవ్వలిదన్న రూపాయి మా ఇంట్ల ఉండద్దు."

చూశాను. రూపాయి తేడా లేదు. వచ్చింది, ఇచ్చింది, నిల్వ సున్నా. ప్రతి రసీదు అడుగు కాగితం మీద ఆమ్దాని అని ఒక గీత ఉంది, అందులో అంకె. వాచ్‌మన్‌కు అంకె. కార్మికుడికి అంకె. నాకు కూడా అంకె, పద్దెనిమిది వేలు. నా దాని పక్కన మాత్రం, చిన్న అక్షరాలతో, "చెప్పినది" అని ఉంది. తిప్పాను. తర్వాతి నెల, "చెప్పినది." ఆ తర్వాతిదీ. ముప్పై ఒక్క కాగితాలు, ముప్పై ఒక్కసార్లు. మిగతా ఎనిమిది మందిలో ఎవరి పక్కనా ఆ మాట లేదు.

"ఏమన్న తప్పున్నదా?" అంది ఆమె.

"ఉన్నది వదినా. ఒకటున్నది. నేను కట్టాల్సింది ఉన్నది." బీరువా తెరవబోయాను.

"నాకు ఇయ్యకు," అంది. "అది పోరగాండ్ల పైస. నేను తీస్కుంటే రేపు ఆయన నన్ను గుడ అడుగుతడు, నీ ఆమ్దాని ఎంత అని." సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. పుస్తకాలు నా దగ్గరే వదిలేసింది.

యూనియన్ దగ్గరికి వెళ్లాను. ఆ నిధి తమ ఖాతా కాదని, సభ్యులు కానివాళ్ల దగ్గర తీసుకోబోమని అధ్యక్షుడు చెప్పాడు. కాలేజీకి వెళితే, ఏ పద్దు కింద జమ చేయాలో తెలియదన్నారు, కోర్సే లేదు కదా అన్నారు. సర్కారుకు చేతులారా ఇవ్వడం కుదరని పని, నా వృత్తి ఒప్పుకోలేదు. ఇవ్వాల్సి వచ్చిన ముప్పై ఒక్క నెలలూ తీసుకునేవాడు నా ఎదుటే కూర్చుని చాయ్ తాగాడు.

లెక్క వేయడానికి కూర్చున్నప్పుడు చెయ్యి పాత దారినే పోయింది. దుకాణం అద్దె తీసేశాను, పెట్రోలు తీసేశాను, అమ్మ మందులు తీసేశాను, మొత్తం బాకీని తొమ్మిది వేలకు దించాను. కాగితం చించేశాను. ఆయన గీసినట్టు మూడు గడులు గీసి మళ్లీ మొదలుపెట్టాను. పదిహేను వేల మొదటి మడికి ఏమీ లేదు. రెండో మడికి నూట యాభై. పైన దుంకిన పదహారు వేలకు మూడు వందల ఇరవై. మొత్తం నాలుగు వందల డెబ్బై, అందులో ఇచ్చింది ముప్పై. నెలకు నాలుగు వందల నలభై, ముప్పై ఒక్క నెలలు.

పదమూడు వేల ఆరు వందల నలభై.